హ్యామక్ పట్టీ ఎంత పొడవుండాలి? దూరాన్ని కాదు, మానును కొలవండి

అక్టోబరు నెల. అమెరికా తూర్పున అడవుల గుండా సాగే నడకదారి అపలాచియన్ ట్రెయిల్ మీద, నార్త్ కరోలినా వైపు, పొద్దు వాలుతోంది. హ్యామక్ కట్టడానికి, అంటే రాత్రి పడుకునే బట్ట ఊయలను వేలాడదీయడానికి, నాకు కావలసినట్టే రెండు చెట్లు దొరికాయి. మధ్యలో 14 అడుగుల ఖాళీ, కింద చదునైన నేల, పైన ఎండుకొమ్మలు లేవు. హ్యామక్‌ను తగిలించే పట్టీని మొదటి చెట్టుకు కట్టేసి రెండోదాని దగ్గరికి వెళ్లాను. అది ట్యులిప్ పాప్లర్, మందం రెండడుగుల పైమాటే. నా 8 అడుగుల పట్టీని మాను చుట్టూ తిప్పి, దాని చివర కుట్టిన కంట్లోంచి లాగేసరికి చేతిలో జానెడు మిగిలింది. హ్యామక్ చివర ఇంకా మూడడుగుల అవతల వేలాడుతోంది. చీకట్లో ఇంకో జత చెట్లు వెతుక్కోవడానికి ముప్పావుగంట పట్టింది.

పట్టీలు కొనేటప్పుడు అందరం అడిగే ప్రశ్న ఒకటే: "ఎంత దూరంలో ఉన్న చెట్లకు సరిపోతుంది?" ఆ రాత్రి తర్వాత నేను ఆ ప్రశ్న అడగడం మానేశాను. పట్టీని ఎక్కువగా తినేది చెట్ల మధ్య దూరం కాదు, మాను చుట్టుకొలత. దూరానికి మన చెయ్యి అందే ఎత్తే ఒక హద్దు పెడుతుంది. మానుకు అలాంటి హద్దేమీ లేదు. మీరు నడవబోయే అడవిలో మానులు ఎంత లావుంటాయో తెలిస్తే పట్టీ పొడవు దానంతటదే తేలుతుంది.

ఇక్కడ రాసేది వారాల తరబడి వీపున మోసుకుంటూ నడిచేవాళ్ల కోసం. పెరట్లో రెండు స్తంభాల మధ్య కట్టుకునేవాళ్లకు ఏ పట్టీ అయినా చాలు.

ముందుగా కోణం సంగతి

పడుకున్నప్పుడు పట్టీ నేలకు సమాంతరమైన గీతతో 30 డిగ్రీల కోణం చేయాలి. ఇది సౌకర్యం కోసం చెప్పే మాట మాత్రమే కాదు, బలం లెక్క కూడా. 30 డిగ్రీల దగ్గర ఒక్కో పట్టీ మీద సరిగ్గా మీ ఒంటి బరువంత లాగుడు పడుతుంది. పట్టీని బిగించి అడ్డంగా చదును చేసేకొద్దీ అది పెరుగుతుంది. 75 కిలోల మనిషికి లెక్క ఇలా వస్తుంది:

| పట్టీ కోణం | ఒక్కో పట్టీ మీద లాగుడు |
|---|---|
| 30 డిగ్రీలు | 75 కిలోలు |
| 20 డిగ్రీలు | 110 కిలోలు |
| 15 డిగ్రీలు | 145 కిలోలు |
| 10 డిగ్రీలు | 216 కిలోలు |

ఇది కదలకుండా పడుకున్నప్పటి లెక్క. ధబాలున కూర్చుంటే ఇంకా ఎక్కువ పడుతుంది. పట్టీ పొడవుకూ దీనికీ సంబంధం ఉంది. పట్టీ చాలనప్పుడు మనం చేసే మొదటి పని ఎలాగోలా లాగి బిగించి కట్టడం. అందులో ఆదా అయ్యే పొడవు కొంచెమే, పట్టీ మీదా కుట్ల మీదా చెట్టు మీదా పడే భారం మాత్రం రెండింతలో మూడింతలో అవుతుంది. పైగా బిగుతుగా కట్టిన హ్యామక్‌లో భుజాలు నలిగి నిద్ర పట్టదు. పొట్టి పట్టీతో అసలు ఇబ్బంది ఇదే. "అందలేదు" అని మనం ఆగిపోము, తప్పుగా కట్టి పడుకుంటాము.

దూరానికి హద్దు పెట్టేది మన చెయ్యి

కూర్చునే ఎత్తు నేల నుంచి అడుగున్నర ఉండాలనుకుందాం. అంటే మామూలు కుర్చీ ఎత్తు. 30 డిగ్రీల కోణం కావాలంటే పట్టీని చెట్టుకు ఏ ఎత్తులో కట్టాలో దూరాన్ని బట్టి తేలిపోతుంది:

| చెట్ల మధ్య దూరం | కట్టాల్సిన ఎత్తు |
|---|---|
| 12 అడుగులు | 5 అడుగులు |
| 15 అడుగులు | 5 అడుగుల 10 అంగుళాలు |
| 18 అడుగులు | 6 అడుగుల 8 అంగుళాలు |
| 20 అడుగులు | 7 అడుగుల 3 అంగుళాలు |

ఐదున్నర అడుగుల మనిషి చెయ్యెత్తి, మాను చుట్టూ పట్టీ తిప్పి, కంట్లోంచి దూర్చి బిగించాలంటే ఆరున్నర, మహా అయితే ఆరడుగుల తొమ్మిది అంగుళాల దాకా కుదురుతుంది. అంటే 18 అడుగులు దాటిన ఖాళీ మనకు పనికిరాదు, పట్టీ ఎంత పొడవున్నా సరే. నేల వాలుగా ఉంటే ఇంకా కష్టం. పల్లం వైపు చెట్టుకు ఇంకా ఎత్తులో కట్టాలి, కాబట్టి ఆ హద్దు 15, 16 అడుగులకు దిగుతుంది.

సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు కోనసీమ కొబ్బరితోటలో హ్యామక్ కట్టాలని సరదా పడేవాళ్లకు కూడా ఇదే లెక్క. కొబ్బరిచెట్ల మధ్య మామూలుగా ఎనిమిది మీటర్ల దాకా, అంటే 26 అడుగుల దూరం వదులుతారు. అంత ఖాళీకి తొమ్మిదడుగుల ఎత్తులో కట్టాలి. 20 అడుగుల పట్టీ తెచ్చుకున్నా నిచ్చెన లేకుండా కుదరదు. కాయలు రాలే చెట్టు కింద పడుకోవడం ఎలాగూ మంచిది కాదు.

మాను చుట్టూ ఎంత పోతుంది

పట్టీని మాను చుట్టూ ఒకసారి తిప్పి దాని కంట్లోంచి లాగితే దాదాపు మాను చుట్టుకొలత అంతా అక్కడే ఖర్చవుతుంది. 8 అంగుళాల మందమున్న చెట్టుకు రెండడుగుల పైన, అడుగు మందానికి 3 అడుగుల పైన, అడుగున్నరకు 4 అడుగుల 8 అంగుళాలు, రెండడుగులకు 6 అడుగుల 3 అంగుళాలు, మూడడుగులకు దాదాపు తొమ్మిదిన్నర అడుగులు. దీనికి చెట్టు నుంచి హ్యామక్ దాకా వచ్చే వాలు పొడవు కలపాలి. బకిల్‌లోంచి దూర్చడానికో ముడి వేయడానికో ఇంకో అడుగు కలపాలి.

దూరప్రయాణాల వాళ్లు ఎక్కువగా వాడేది 11 అడుగుల హ్యామక్. దాని రెండు చివరల మధ్య సూటి దూరం, అంటే రిడ్జ్‌లైన్, బట్ట పొడవులో 83 శాతం ఉంచుతారు. దాదాపు 9 అడుగులు. ఆ లెక్కన ఒక్కో వైపు కావలసిన పట్టీ పొడవు, అడుగుల్లో:

| చెట్ల మధ్య దూరం | 8 అంగుళాల మాను | 12 అంగుళాలు | 18 అంగుళాలు | 24 అంగుళాలు | 36 అంగుళాలు |
|---|---|---|---|---|---|
| 12 అడుగులు | 4.8 | 5.8 | 7.4 | 8.9 | 12.1 |
| 15 అడుగులు | 6.5 | 7.5 | 9.1 | 10.7 | 13.8 |
| 18 అడుగులు | 8.2 | 9.3 | 10.8 | 12.4 | 15.5 |

మీది 10 అడుగుల హ్యామక్ అయితే ప్రతి అంకెకూ అరడుగు కలుపుకోండి. హ్యామక్ పొట్టిదైతే పట్టీ పొడుగు కావాలి. చిన్న హ్యామక్ కొని బరువు తగ్గించాననుకునేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

పట్టికను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చదవండి. దూరం 12 నుంచి 18కి పెరిగితే పట్టీ మూడున్నర అడుగులు పెరిగింది. మాను అడుగు నుంచి రెండడుగులకు లావెక్కితే మూడడుగుల పైన పెరిగింది. దూరం నచ్చకపోతే నాలుగడుగులు పక్కకు వెళ్లి ఇంకో జత చూసుకోవచ్చు. కానీ పెద్ద చెట్ల అడవిలో ఎటు వెళ్లినా పెద్ద చెట్లే.

సన్న చెట్ల విషయంలో ఒక జాగ్రత్త. ఆరంగుళాల మందం కంటే సన్నగా ఉన్న చెట్టుకు కట్టకండి. వంగుతుంది, బెరడు దెబ్బతింటుంది. పట్టీ వెడల్పు కూడా అంగుళానికి తగ్గకూడదు. కొన్ని పార్కులు దీన్ని నిబంధనగానే పెట్టాయి. సన్నటి తాడును నేరుగా చెట్టుకు కడితే బెరడు కోసుకుపోతుంది.

మార్కెట్లో దొరికేవి

*6 అడుగుల పట్టీ, దానికి వూపీ స్లింగ్.* బరువును గ్రాముల్లో లెక్కపెట్టుకునేవాళ్ల ఎంపిక ఇది. చెట్టు చుట్టూ వెడల్పు పట్టీ, అక్కడి నుంచి హ్యామక్ దాకా డైనీమా అనే గట్టి, తేలికైన పోగుతో చేసిన సన్నటి తాడు. తాడు లోపలే తాడు దూరి ఉంటుంది. బరువు పడేకొద్దీ బిగుసుకుంటుంది, వదులు చేసి జరుపుకోవచ్చు. అంగుళంలో తొమ్మిదో వంతు మందమున్న ఈ తాడు తెగడానికి దాదాపు 1,600 పౌండ్ల లాగుడు కావాలి. వాలు పొడవంతా తాడే చూసుకుంటుంది కాబట్టి పట్టీ పని మానును చుట్టడం వరకే. అందుకే 6 అడుగులు చాలంటారు. అడుగున్నర మాను దాకా నిజంగానే చాలు. రెండడుగుల మాను దగ్గర మూడంగుళాలు తక్కువ పడుతుంది. పట్టీ చాలకపోతే తాడు ఎంత ఉన్నా లాభం లేదు, దాన్ని బెరడు మీద చుట్టకూడదు.

ఇంకో లోటు కూడా ఉంది. లోపల దూరిన భాగం వల్ల వూపీ స్లింగ్ ఒక హద్దు దాటి పొట్టిగా అవదు. చెట్లు 11, 12 అడుగుల దూరంలో ఉంటే హ్యామక్ నేలకు ఆనుతుంది. చెట్లు దగ్గరదగ్గరగా పెరిగే అడవిలో ఇది రోజూ ఎదురయ్యే చిక్కు. నా సలహా: ఈ పద్ధతి మీకు నచ్చితే 6 అడుగుల పట్టీ మాత్రం కొనకండి, 8 అడుగులది తీసుకోండి. పెరిగే బరువు కొద్దిపాటిదే. సన్న చెట్టు దొరికితే రెండు చుట్లు తిప్పండి.

*8, 9 అడుగుల డైసీ చైన్.* వరసగా కుట్టిన కన్నాలున్న పట్టీ. కారబైనర్‌ను, అంటే తెరిచి మూసే లోహపు కొక్కేన్ని, ఒక కన్నంలో తగిలిస్తే పని అయిపోయింది. మొదటిసారి హ్యామక్ కొనేవాళ్లలో ఎక్కువమంది చేతికి వచ్చేది ఇదే. ఈనో కంపెనీ అట్లాస్ పట్టీలు ఈ రకానివే, ఒక్కోటి 9 అడుగులు, జత 11 ఔన్సులు, అంటే 310 గ్రాముల పైన. ముడికి వదలాల్సిన అడుగు ఇందులో అవసరం లేదు కాబట్టి 9 అడుగులది దాదాపు 10 అడుగుల పట్టీలాగే పనిచేస్తుంది. అడుగున్నర మానుకు 15 అడుగుల దూరంలో అందుతుంది. రెండడుగుల మానుకు అదే దూరంలో అందదు.

సులువుగా కట్టొచ్చు, ఎవరికైనా రెండు నిమిషాల్లో నేర్పొచ్చు. కానీ కన్నం నుంచి కన్నానికి మధ్య బెత్తెడు తేడా ఉంటుంది. నేల వాలుగా ఉన్నచోట హ్యామక్ మట్టం సరిచేయాలంటే ఒక కన్నం ఎక్కువ, ఇంకోటి తక్కువ అవుతుంది. పైగా బరువు. రెండు రాత్రుల ట్రిప్‌కి పర్వాలేదు. ఐదు నెలల నడకలో మాత్రం వద్దు. ఇదే పని చేసే తేలికపాటి పట్టీల బరువు ఇందులో సగం కూడా ఉండదు.

*10 అడుగుల పట్టీ, బకిల్‌తోగానీ ముడితోగానీ.* తూర్పు అమెరికా ట్రెయిల్స్‌కి నేను ముందుగా చెప్పేది ఇదే. పట్టికలో చూడండి: అడుగు మాను అయితే 18 అడుగుల దూరం దాకా, అడుగున్నర మాను అయితే 15, 16 అడుగుల దాకా వస్తుంది. బకిల్ ఉంటే అంగుళం అంగుళం జరుపుకోవచ్చు, చీకట్లో కూడా చెయ్యి తడిమి బిగించవచ్చు. బరువు ఇంకా తగ్గించాలనుకునేవాళ్లు బకిల్ తీసేసి హ్యామక్ చివర చిన్న తాడుకన్ను పెట్టి బెకెట్ ముడి వేస్తారు. ముడి చేతికి అలవాటయ్యేదాకా ఇంటి దగ్గరే పదిసార్లు వేసి, కూర్చుని చూసి, అప్పుడే బయల్దేరాలి.

ఇక్కడ పట్టీ దేంతో చేశారన్నది కూడా చూడాలి. మన ఇళ్లలో నవారు మంచాలు ఉండేవి గుర్తుందా? వారాలు గడిచేసరికి నవారు సాగి మధ్యలో గుంట పడేది, మళ్లీ విప్పి బిగించేవాళ్లు. నైలాన్ పట్టీ కూడా అంతే, తడిస్తే ఇంకా సాగుతుంది. పడుకునేటప్పుడు అడుగున్నర ఎత్తులో ఉన్నవాళ్లు తెల్లారేసరికి నేలను తాకుతారు. పాలియెస్టర్ సాగదు, ధర తక్కువ, బకిల్‌లో గట్టిగా నిలుస్తుంది, కాస్త బరువు. డైనీమా జాతి నవారు అన్నిటికంటే తేలిక, సాగదు, నీళ్లు పీల్చుకోదు. కాకపోతే నునుపు. అన్ని బకిల్స్‌లోనూ నిలవదు, జారుతుంది. బకిల్ తయారుచేసినవాళ్లు ఏ నవారు వాడమన్నారో అదే వాడాలి. పొడవు పెంచాలనుకుంటే డైనీమాకు డబ్బు పెట్టడంలో అర్థం ఉంది, పెరిగే ప్రతి అడుగుకూ బరువు తక్కువ పడుతుంది.

*12 అడుగులు.* రెండడుగుల మానుకు 15 అడుగుల దూరంలో హాయిగా అందుతుంది. స్మోకీ పర్వతాలు, వర్జీనియా లోయల్లాంటి చోట్లకు నేను ఇప్పుడు వాడేది ఇదే. 10 అడుగుల దాంతో పోలిస్తే ప్రతి వైపూ ఐదో వంతు బరువు ఎక్కువ. ఆ బరువుకు ప్రతిఫలంగా సాయంత్రం పూట ఎంచుకోవడానికి ఇంకొన్ని చెట్లు కలిసొస్తాయి.

*15 అడుగులు.* మూడడుగుల మానులున్న చోటికే. తూర్పున ఇది దండగ. సన్న చెట్ల మధ్య కట్టినప్పుడు ఒక్కో వైపు ఎనిమిది, తొమ్మిది అడుగుల తోక మిగులుతుంది. వానలో నేలకు ఆని బురద పీలుస్తుంది, రాత్రి లేచినప్పుడు కాలికి చుట్టుకుంటుంది. తోకను మానుకే ఇంకో రెండు చుట్లు తిప్పేయొచ్చు కానీ ఉదయం చలిలో అదంతా విప్పాలి.

*ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. లేదా చిన్న తోడుపట్టీ.* దుకాణాలవాళ్లు ఈ మాట అంతగా చెప్పరు, ఎందుకంటే జతగానే అమ్ముతారు. రెండు చెట్లూ ఒకేలా లావుండడం అరుదు. ఒకటి 10 అడుగులు, ఇంకోటి 15 అడుగులు తీసుకుని పొడుగుదాన్ని లావు చెట్టుకు కట్టడం మంచి తెలివి. లేదంటే 10 అడుగుల జతే ఉంచుకుని, రెండు చివర్లా కన్నులు వేసిన నాలుగడుగుల డైనీమా తాడు ఒకటి సంచిలో పడేయండి. పట్టీ మాను దగ్గరే అయిపోతే, మిగిలిన ఖాళీలో ఈ తాడు జోడిస్తారు. నేను తోడుపట్టీ అంటున్నది ఈ తాడునే, గుప్పిట్లో ఇమిడిపోతుంది. పది రాత్రుల్లో ఒక్క రాత్రే వాడతారేమో, ఆ రాత్రి ముప్పావుగంట ఆదా అవుతుంది. జోడించేటప్పుడు తాడు చెట్టును తాకకూడదు, పట్టీ చివరికే కట్టాలి.

ఏ దారిలో నడుస్తారు?

అపలాచియన్ ట్రెయిల్ జార్జియాలోని స్ప్రింగర్ కొండ దగ్గర మొదలై మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ దాకా 14 రాష్ట్రాల మీదుగా దాదాపు 2,200 మైళ్లు సాగుతుంది. హ్యామక్ వాళ్లకు ఇంతకంటే మంచి దారి లేదు, దాదాపు అంతా చెట్ల కిందే. కానీ అంతా ఒకే అడవి కాదు.

దక్షిణాన, ముఖ్యంగా గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో, పాత చెట్లు బాగా లావుంటాయి. అక్కడ నిబంధన కూడా గట్టిది. హ్యామక్‌ను కేటాయించిన క్యాంప్‌సైట్లలోనే కట్టాలి. షెల్టర్ (నడిచేవాళ్లు తలదాచుకోవడానికి కట్టిన పాక) లోపల కట్టకూడదు, షెల్టర్ స్తంభాలకు తగిలించకూడదు. వేరేచోట అయితే "ఇది బాగాలేదు, ఇంకో వంద గజాలు వెళ్దాం" అనుకోవచ్చు. ఇక్కడ ఆ స్వేచ్ఛ లేదు. మంచి జతలు ముందొచ్చినవాళ్లు పట్టేస్తారు, మీకు మిగిలేది లావు మానే. కాబట్టి స్మోకీస్ మీదుగా వెళ్తుంటే 12 అడుగులు, లేదా 10కి తోడుపట్టీ.

ఇంకో సంగతి. 2002లో స్మోకీస్‌లో హెమ్లాక్ చెట్లను పీల్చి చంపే పురుగు కనబడింది. అదే ఏడాది మిషిగన్‌లో యాష్ చెట్లను తొలిచే పచ్చ పురుగు బయటపడి, తర్వాత తూర్పు అడవులంతా పాకింది. ఈ ఇరవై ఏళ్లలో ఆ రెండు జాతుల చెట్లు చాలా నిలువునా ఎండిపోయాయి. సరిగ్గా 13 అడుగుల దూరంలో, సరిగ్గా అడుగు మందంతో, చక్కగా కనబడే చెట్టు చచ్చిపోయి ఉండవచ్చు. దానికి మనిషి బరువు తగిలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆకులు లేని కాలంలో బెరడు ఊడుతోందా, పై కొమ్మలకు మొగ్గలున్నాయా అని చూడాలి. పొట్టి పట్టీ ఉన్నవాడికి ఆ చోట ఒక జత చెట్లే అందుతాయి, అనుమానం ఉన్నా దానికే కడతాడు. పొడుగు పట్టీ ఉన్నవాడు బతికున్న లావు చెట్టుకు వెళ్లగలడు. రెండడుగుల అదనపు నవారుకు ఇంతకంటే బలమైన కారణం నాకు తెలియదు.

ఉత్తరానికి వెళ్లేకొద్దీ లెక్క తిరగబడుతుంది. న్యూ హాంప్‌షైర్, మెయిన్ కొండల మీద స్ప్రూస్, ఫర్ చెట్లు సన్నగా, ఒత్తుగా ఉంటాయి. అక్కడ పట్టీ చాలకపోవడమన్నది ఉండదు. హ్యామక్ పట్టేంత ఖాళీ దొరకడమే కష్టం. వైట్ మౌంటెన్స్‌లో ఎనిమిదడుగుల ఎత్తు కూడా లేని చెట్లున్న చోట క్యాంప్ చేయకూడదన్న నిబంధన ఉంది, కాబట్టి ఎలాగూ కిందికి దిగాలి. దిగితే 8 అడుగుల పట్టీ దివ్యంగా సరిపోతుంది. ఇక్కడ పొట్టిగా బిగించగలగడమే ముఖ్యం. వూపీ స్లింగ్ వాళ్లు ఇబ్బంది పడేది ఇక్కడే.

పశ్చిమాన 2,650 మైళ్ల పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ వేరే లోకం. దక్షిణ కాలిఫోర్నియా ఎడారి భాగంలో రోజుల తరబడి కట్టడానికి చెట్టే ఉండదు. ఆరెగాన్, వాషింగ్టన్ వచ్చేసరికి మూడడుగుల డగ్లస్ ఫర్‌లు. 15 అడుగుల పట్టీకి న్యాయం జరిగేది అక్కడ. సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు ఎవరైనా అడిగితే మొహమాటం లేకుండా 15 అంటాను.

మీరు ఏ రకం?

ఒకే విడతలో మొత్తం ట్రెయిల్ నడిచేవాళ్లయితే 10 అడుగుల డైనీమా నవారు, బకిల్ లేదా బెకెట్ ముడి, ఒక తోడుపట్టీ. దక్షిణం నుంచి మొదలుపెడితే తోడుపట్టీని స్మోకీస్, వర్జీనియా దాటేదాకా ఉంచుకుని, ఉత్తరాన ఇంటికి పోస్టు చేసేయండి.

సెలవు దొరికినప్పుడల్లా వారం పది రోజులు నడిచే ఉద్యోగస్తులు, అంటే నాలాంటివాళ్లు, ప్రతిసారీ వేరే అడవికి వెళ్తారు. మీకు 12 అడుగులు. ప్రతి ట్రిప్‌కీ లెక్కలు వేసుకునే తీరిక ఉండదు, ఆ పూచీ పట్టీకే వదిలేయండి.

బరువు ఎక్కువున్నవాళ్లు, 100 కిలోల పైన, పొడవు కంటే ముందు పట్టీ బలం చూడాలి. కోణం తప్పితే భారం ఎంత పెరుగుతుందో పైన చూశారు. మీకు పొడుగు పట్టీ ఇచ్చే పెద్ద మేలు 30 డిగ్రీలు ఎప్పుడూ నిలుపుకోగలగడం. పాలియెస్టర్ తీసుకోండి, బరువు గురించి ఆలోచించకండి.

పొట్టిగా ఉన్నవాళ్లు, ఐదడుగుల రెండు మూడు అంగుళాలు, 15 అడుగులు దాటిన ఖాళీకి కట్టడమే కష్టం. మీరు పొడవు పట్టీ కొనేది పూర్తిగా మాను కోసమే. 10 అడుగులు దాటనక్కర్లేదు, లావు చెట్ల అడవి అయితే తప్ప. నడక కర్రతో పట్టీని మాను వెనక పైకి నెట్టుకుంటే మరో ఆరంగుళాలు అందుతుంది.

భార్యాభర్తలు, స్నేహితులు కలిసి వెళ్తూ రెండు హ్యామక్‌లకు మధ్యలో ఒకే చెట్టు పంచుకునేటప్పుడు, లావు చెట్టునే పంచుకోవాలి, రెండు భారాలు పడతాయి కాబట్టి. ఇద్దరిలో ఒకరి దగ్గరైనా 15 అడుగుల పట్టీ ఉండడం మేలు.

ఎవరైనా సరే, పట్టీ మార్చినప్పుడు టార్ప్ (వానకు హ్యామక్ పైన కట్టే గుడ్డ కప్పు) తాడు సంగతి మరిచిపోకండి. 11 అడుగుల టార్ప్‌ను 18 అడుగుల ఖాళీలో అడుగు మానులకు కట్టాలంటే ఒక్కో వైపు మూడున్నర అడుగులు ఖాళీకి, మూడడుగుల పైన మానుకు, ముడికి కాస్త. దగ్గరదగ్గర ఏడున్నర అడుగులు. కొత్త పట్టీతో హ్యామక్ అందంగా వేలాడుతుంటే, వాన మొదలయ్యాక టార్ప్ తాడు అందకపోవడం నాకు తెలిసినవాళ్లలో ఇద్దరికి జరిగింది.

కొనేముందు ఒక పూట పని

దగ్గర్లో ఏదైనా పార్కుకు వెళ్లండి. మీరు నడవబోయే అడవిలాంటి చెట్లుంటే మరీ మంచిది. మనకు బారలు, మూరలు అనే కొలతలు ఒంటితోనే ఉన్నాయి, వాడుకోండి. చేతులు రెండూ చాపితే దాదాపు మీ ఎత్తంత, అదే మీ బార. చెట్ల మధ్య రెండు బారల కంటే కొంచెం ఎక్కువ, మూడు బారల లోపు ఉంటే పనికొస్తుంది. మూడు దాటితే వదిలేయండి. తర్వాత చెట్టును వాటేసుకోండి. వేళ్లు ఒకదాన్నొకటి తాకితే, 15 అడుగుల దూరం దాకా 10 అడుగుల పట్టీ చాలు. వేళ్ల మధ్య మూరెడు ఎడం ఉంటే 12 కావాలి. చేతులు మాను సగం కూడా దాటకపోతే ఇంకో చెట్టు చూసుకోండి.

ఇలా పది జతలు చూసి రాసుకోండి. ఎనిమిది జతలకు అందే పొడవు మీకు సరైన పొడవు. మిగిలిన రెండింటి కోసం ఆరు నెలలు బరువు మోయకండి.

మనసు తేలకపోతే పొడుగుదే కొనండి. పొడుగు పట్టీని కత్తిరించవచ్చు, పొట్టిదాన్ని సాగదీయలేము. మొదటి ట్రిప్‌లో ప్రతి రాత్రీ బకిల్ దగ్గర పట్టీ మీద పెన్నుతో చిన్న గీత పెట్టండి. వారం తర్వాత ఆ గీతలన్నీ ఎక్కడ గుంపుగా పడ్డాయో కనబడుతుంది. అన్నిటికంటే చివరి గీతకు అడుగున్నర అవతల కత్తిరించి, పాలియెస్టర్ అయితే కొసను మంటకు చూపించి కరిగించండి. డైనీమా నవారు కొసను మాత్రం కాల్చకుండా మడిచి కుట్టుకోండి.